సవరణ: పుట్టిన బిడ్డ బరువు తగ్గడం గురించి

పుట్టిన వారంలోపు బిడ్డ బరువు తగ్గితే తల్లిపాలు చాలడం లేదని అర్థమని, వెంటనే డబ్బాపాలు మొదలుపెట్టాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాసిన పొరపాటు నాదే.

నెలలు నిండి పుట్టిన బిడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో కొంత బరువు తగ్గడం సహజం. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది, నల్లగా, జిగురుగా ఉండే తొలి మలం బయటికి వస్తుంది. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం వరకు తగ్గవచ్చని పిల్లల వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. అంటే 3 కిలోలతో పుట్టిన పాప 2.8 కిలోలకు దిగినంత మాత్రాన తల్లి పాలను అనుమానించనక్కరలేదు. 10 నుంచి 14 రోజుల్లో సాధారణంగా మళ్లీ పుట్టినప్పటి బరువుకు చేరుతుంది.

తూచేటప్పుడు బట్టలు తీసేసి, ప్రతిసారీ అదే కాటా మీద తూచండి. తడిసిన డైపరు ఒక్కటి చాలు లెక్క తారుమారు కావడానికి.

10 శాతం దాటి తగ్గినా, రెండు వారాలకూ కోలుకోకపోయినా, ఐదో రోజు తర్వాత రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోస్తున్నా, పాలకు లేవకుండా మత్తుగా పడుకున్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. నా మాట విని ఇప్పటికే డబ్బాపాలు మొదలుపెట్టినవారు కూడా ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.