జీరో టికెట్టు సరే, నెట్స్ ఎక్కడ?

2025 నవంబర్ 2న దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచాక, మహిళా క్రికెట్‌కు మంచిరోజులొచ్చాయని అనని నాయకుడు లేడు. వచ్చిన మాట నిజమే. మ్యాచ్ ఫీజు 2022లోనే మగవాళ్లతో సమానం చేశారు. మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) అయిదు జట్లు దాదాపు 4,670 కోట్లకు అమ్ముడుపోయాయి. కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి ఫైనల్ ఆడింది. మరి మా పాలమూరు వైపు అచ్చంపేట పిల్లో, నల్లగొండ వైపు దేవరకొండ పిల్లో అక్కడిదాకా వెళ్లాలంటే ఏం చేయాలి? ఇప్పటికైతే ఒకటే జవాబు: ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో దిగాలి.

గొంగడి త్రిష కుటుంబం చేసింది అదే. కూతురి ఆట కోసం భద్రాచలం వదిలి నగరానికి వచ్చారు. 2025 అండర్-19 ప్రపంచకప్‌లో ఆమె స్కాట్లాండ్‌పై 110 నాటౌట్ కొట్టి, టోర్నీకే ఉత్తమ క్రీడాకారిణి అయింది. సర్కారు కోటి రూపాయలు ప్రకటించింది. ఇవ్వాల్సిందే. కానీ ఆ గెలుపులో ఒక తండ్రి తెగింపు ఎంతో కనిపిస్తుంది గానీ, వ్యవస్థ చేసిందేమిటో వెతికినా దొరకదు. పాలమూరు తండ్రి ముంబై బస్సెక్కేది కూలికి. అతణ్ని కూడా తెగించమందామా?

పల్లెల్లో ఆడపిల్లల్ని ఆటకు ఎవరు పంపుతారు, జిల్లాల్లో అకాడమీలు పెడితే ఈగలు తోలుకోవడమే కదా అంటారు కొందరు. చీకటిపడ్డాక వంద కిలోమీటర్లు తిరిగి రావాలంటే ఏ తల్లయినా వద్దంటుంది, ఒప్పుకుంటా. అక్కడ అడ్డం వస్తున్నది దూరం.

ఆ దూరమే లేని చోటు ప్రతి మండలం చుట్టుపక్కలా ఉంది. గురుకులాలు, కస్తూర్బాలు! పిల్లలు అక్కడే ఉంటారు, తెల్లారకముందే లేస్తారు, పీఈటీ కళ్లముందే పెరుగుతారు. మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది ఈ గురుకులాల నుంచే. ఎవరెస్టు ఎక్కించిన వ్యవస్థకు సిమెంటు పిచ్ మీద మ్యాట్ పరిచి, ప్రాక్టీసుకు చుట్టూ నెట్ కట్టడం పెద్ద పనా? మట్టి, గడ్డితో చేసే టర్ఫ్ వికెట్ తర్వాత చూసుకోవచ్చు. ముందు లెదర్ బాల్, పిల్లల సైజు ప్యాడ్లు, వారానికి నాలుగు రోజులు నిలబడే కోచ్ కావాలి. లేడీ కోచ్ అయితే మరీ మంచిది. ఖోఖోలో ఈ పిల్లల మలుపులు చూసినవాళ్లకు ఫీల్డింగ్‌లో పాయింట్ దగ్గర ఎవర్ని నిలబెట్టాలో చెప్పక్కర్లేదు. డబ్బుల్లేవంటారా? సంక్రాంతికి ఊరూరా మగపిల్లల టెన్నిస్ బాల్ టోర్నీలకు ఫ్లెక్సీలు కట్టించే నాయకులను అడగండి.

అడ్డంకి పల్లెలో లేదు, హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలో ఉంది. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటినా తెలంగాణ క్రికెట్ మొత్తం హైదరాబాద్ క్రికెట్ సంఘం గుప్పిట్లోనే ఉంది. అక్కడ ఓట్లలో సింహభాగం నగర క్లబ్బులవి. మహబూబ్‌నగర్ అయిదు జిల్లాలైంది, నల్లగొండ మూడైంది. క్రికెట్ లెక్కల్లో మాత్రం ఇంకా ఉమ్మడి జిల్లాలే. 2025 జులైలో సంఘం అధ్యక్షుణ్నే సీఐడీ అరెస్టు చేసింది. కుర్చీ కొట్లాటల్లో మునిగినవాళ్లకు ఓట్లు లేని వనపర్తి గుర్తుకొస్తుందా?

అసలు ఏది మాత్రం మా దాకా వచ్చింది గనక! ఫ్లోరైడ్ నీళ్లతో నల్లగొండ నడుములు వంగిపోతుంటే, సాగర్ నుంచి కృష్ణా నీళ్లు పైపుల్లో రాజధానికి వెళ్లాయి. పెద్ద డాక్టరు కావాలన్నా, కోచింగ్ కావాలన్నా అటే పోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడపిల్లకు ఉచిత ప్రయాణానికి జీరో టికెట్టు ఇస్తున్నారు, సంతోషం. నెట్స్ కోసం ఆ టికెట్టు మీద హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులోనే దిగాల్సి వస్తే మాత్రం, మా నెత్తిన రాసింది మారనట్టే.

వచ్చే సీజన్‌లో అమ్మాయిల అండర్-15 సెలెక్షన్లు ఒకటి వనపర్తిలో, ఒకటి మిర్యాలగూడలో పెట్టండి. పాలమూరు, నల్లగొండల ఈ ఎనిమిది జిల్లాలకు ఎనిమిది జట్లు కట్టి, గురుకులాల మైదానాల్లోనే లీగ్ ఆడించండి. పిల్లలు రాకపోతే అప్పుడనండి, పల్లెల్లో పంపరని.