చీరల ఫోటో చూపించి చెబుతున్న మూడు మాటలు

తార్నాకలో మా స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పోయిన వారం రాత్రి నాకో మెసేజ్ పంపింది. వాళ్ళ నాన్న ఫోన్‌కి ఏదో గ్రూపు నుంచి వచ్చిందట. "మేడమ్, ఇది నిజమేనా?" అని అడిగింది. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని సంబరపడుతున్న ఆడవాళ్ళ ఫోటో అది. దాని కింద మూడు మాటలు: వీళ్ళు సైంటిస్టులు కారు, ఆఫీసు సిబ్బంది. అంతరిక్ష రంగంలోకి ఆడవాళ్ళు వచ్చింది మొన్నమొన్ననే. అంతకుముందు ఎవరైనా ఉన్నా కూడికలు, కుట్లు లాంటి చిన్న పనులే.

మొదటి మాటలో నిజం ఉంది. ఫోటోలో ఉన్నది పరిపాలనా విభాగం ఉద్యోగులని ఇస్రోనే తర్వాత చెప్పింది. మహిళా శాస్త్రవేత్తలు చాలామంది ఆ ప్రయోగానికి పనిచేశారని కూడా అప్పుడే చెప్పింది. మెసేజ్ రాసినవాళ్ళు ఆ రెండో ముక్క వదిలేశారు. రీతు కరిధాల్, నందిని హరినాథ్ ఇద్దరూ మంగళయాన్‌కి డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్లు. ఆ రోజు ఇక్కడి నుంచి సిగ్నల్ అంగారకుడిని చేరడానికి సుమారు 12 నిమిషాలు పట్టేది. ఏదైనా తేడా వస్తే మనం చెప్పేలోపే అంతా అయిపోతుంది. అందుకే నౌక తనంతట తానే తప్పు గుర్తించి సరిదిద్దుకునేలా ముందే సిద్ధం చేయాలి. రీతు చూసిన పనుల్లో అదొకటి. అయినా జీతాలు, ఫైళ్ళు చూసే ఆడవాళ్ళు సంస్థ విజయానికి సంతోషిస్తే తప్పేముంది? నాకైతే ఆ ఫోటో ఇప్పటికీ ఇష్టమే.

రెండో మాట పూర్తిగా తప్పు. వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి 1918 ఆగస్టు 23న కేరళలోని పీరుమేడులో పుట్టారు. మన అంతరిక్ష కార్యక్రమాన్ని మొదలుపెట్టిన విక్రమ్ సారాభాయ్ కోరడంతో 1963లో కేరళలోని తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలన కేంద్రాన్ని, పరికరాల టవర్‌ని ఏర్పాటు చేశారు. ఆ కాలపు చిన్న రాకెట్లు గాలికి పక్కకి పోయేవి. గాలి లెక్క తెలియకుండా ఏ కోణంలో వదలాలో తేల్చలేం. ఆవిడ పుట్టిన మూడు రోజులకి అమెరికాలో కేథరిన్ జాన్సన్ పుట్టారు. ఆవిడ నాసాలో గణిత శాస్త్రవేత్త. 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగబోయే ముందు, కంప్యూటర్ ఇచ్చిన అంకెల్ని "ఆ అమ్మాయి" చేత సరిచూయించమన్నాడు. ఆ అమ్మాయికి అప్పటికి 43 ఏళ్ళు! మన దగ్గర టి.కె. అనురాధ 1982లోనే ఇస్రోలో చేరి, 2011లో ప్రయోగించిన జీశాట్-12 అనే సమాచార ఉపగ్రహానికి ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా పనిచేశారు. మొన్నమొన్న అంటే ఎప్పుడు?

మూడో మాట దగ్గరే నాకు కోపం వచ్చింది. మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్ళిన అపోలో నౌకలోని కంప్యూటర్‌కి ప్రోగ్రామ్‌ని నిజంగానే చేత్తో అల్లారు. తీగ చిన్న అయస్కాంత రింగు లోపలి నుంచి వెళ్తే 1, బయటి నుంచి వెళ్తే 0. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ మార్గరెట్ హామిల్టన్ బృందం అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో రాసిన ప్రోగ్రామ్, అక్కడి వాల్తమ్ ఊళ్ళోని రేథియాన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ చేతుల్లో ఇలా తీగగా మారింది. ఒక్క తీగ దారి తప్పితే ప్రోగ్రామే తప్పు. చంద్రుడి మీద వేసుకున్న సూట్‌లో 21 పొరలు. వాటిని కుట్టింది లోదుస్తులు తయారుచేసే కంపెనీలో కుట్టుపని చేసే ఆడవాళ్ళు. లోపల ఒక్క గుండుసూది మిగిలిపోయినా ప్రాణం మీదికి వచ్చేది.

మా అమ్మ కుషాయిగూడ వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు సోల్డరింగ్ చేసింది. రాకెట్లకి కాదు, మామూలు బోర్డులకే. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టంకం, పైకి బాగానే కనిపిస్తుందట. నెల తిరగకుండానే వదిలేస్తుందట. భూతద్దం కింద మెరుపు చూసి పట్టేసేది. ఆ చూపు రావడానికి తనకి రెండేళ్ళు పట్టిందని చెప్పేది. జీతం పెంచమంటే మాత్రం "చేతిపనే కదమ్మా" అన్నారు. ఈ మెసేజ్‌లోని "చిన్న పనులే" అన్న మాట చదివితే నాకు ఆ జవాబే వినిపించింది.

ఆ అమ్మాయికి జవాబు రాశాను. సోమవారం క్లాసుకి ఎనిమిది ఇనుప రింగులు, సన్నటి రాగి తీగ పట్టుకెళ్తున్నాను. అందరి చేతా ఇంగ్లీషులో తమ పేరు మొదటి అక్షరాన్ని ఎనిమిది 0, 1ల వరుసగా మార్చి అల్లిస్తాను. ఒక్క రింగు తప్పినా విప్పి మళ్ళీ అల్లాల్సిందే.