ర్యాంకు పెరగడానికి బడులెందుకండీ?

ఏ ఊళ్ళో ఎక్కువ చదువుకున్నోళ్ళున్నారో చెప్పే లిస్టు ఒకటి వస్తే చాలు, ఫస్ట్ వచ్చిన ఊరి జనమంతా రాత్రికి రాత్రి పండితులైపోతారు, పదో క్లాసు మూడుసార్లు తప్పినోడు కూడా పక్క ఊరివాణ్ణి జాలిగా చూస్తాడు. సొమ్మొకడిది సోకొకడిది.

అసలు ఈ లెక్క ఎవర్ని చూసి కడతారో తెలుసా? యునెస్కో వాళ్ళు చదువుకి మెట్లు కట్టారు, దాని పేరు ఐసెడ్, 1976లో మొదటిది, 2011లో సవరించినదాంట్లో సున్నా నుంచి ఎనిమిది దాకా, నర్సరీ పిల్లాడు సున్నా మెట్టు, డిగ్రీ ఆరు, పీహెచ్‌డీ ఎనిమిది. ఓఈసీడీ అనే సంపన్న దేశాల కూటమి లెక్కల్లో మామూలుగా 25 నుంచి 64 ఏళ్ళ మధ్య వాళ్ళలో అయిదో మెట్టు, అంటే ఇంటర్ దాటాక కాలేజీ చదువు మొదలయ్యే మెట్టు, ఆపైన ఎంతమంది ఉన్నారో చూస్తారు. అంటే నలభై ఏళ్ళు ఊరందరికీ లెక్కలు చెప్పిన మాస్టారు తన 65వ పుట్టినరోజు పొద్దున్నే లెక్కలోంచి మాయం. ఆయన దగ్గర కూడికలు నేర్చుకున్న కుర్రాడు ఉద్యోగానికి పెద్ద సిటీకి పోతే క్రెడిట్ మొత్తం ఆ సిటీకి, కూడికలు నేర్పిన ఊరికి మాత్రం ఆ కుర్రాడి పాత సైకిలు.

యూనివర్సిటీ ఉన్న ఊళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఏడాదికి వేలమందిని చదివించి పంపుతారు, కానీ చదువుతున్నప్పుడు వాళ్ళకి పాతికేళ్ళు ఉండవు, పాతికేళ్ళొచ్చేసరికి వాళ్ళు ఊళ్ళో ఉండరు.

కాబట్టి ర్యాంకు కావాల్సిన మేయర్లకి నా ఉచిత సలహా, బడుల జోలికి పోకండి. ఇవాళ ఒకటో క్లాసులో చేర్చినోడు లెక్కలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, మీ పదవి అంతకాలం ఉండదు. దానికంటే ఇంటద్దెలు పెంచండి, చదువు తక్కువున్నోళ్ళు వాళ్ళే సర్దుకుంటారు, వాళ్ళ ఖాళీలోకి జీతాలున్న డిగ్రీలు దిగుతాయి. అదీ కుదరకపోతే ఊరి హద్దు కాస్త జరిపి, విల్లాలున్న కాలనీని లోపలికి లాగి, కూలీల బస్తీని బయటికి నెట్టండి. పెన్సిలూ రబ్బరూ ఉంటే చాలు, టీచరు కూడా అక్కర్లేదు.

నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షలో 2009లోనూ 2012లోనూ షాంఘై మూడు సబ్జెక్టుల్లోనూ ఫస్ట్, ప్రపంచం నోరెళ్ళబెట్టింది. అక్కడి పిల్లలు బాగా చదివారు, కాదనను. కానీ వలస కూలీల పిల్లలకి హుకౌ, అంటే స్థానిక రిజిస్ట్రేషన్, లేకపోతే అక్కడ హైస్కూల్లో సీటు కష్టమని, చాలామంది ఆ వయసుకే సొంతూళ్ళకి వెళ్ళిపోతారని విమర్శకులు అప్పుడే మొత్తుకున్నారు. పరీక్ష రోజుకి ఊళ్ళో లేనోడు యావరేజ్ ఎలా తగ్గిస్తాడండీ!

అక్షరాస్యుడంటే ఎవరో యునెస్కో 1958లోనే చెప్పింది, తన రోజువారీ బతుకు గురించి ఒక చిన్న వాక్యం అర్థం చేసుకుని చదవగలగాలి, రాయగలగాలి అని. లిస్టు పట్టుకుని కొట్టుకునేవాళ్ళకి చదవడం వచ్చు, రాయడం మరీ బాగా వచ్చు, ఆ అర్థం చేసుకోవడమే డౌటు.

ఇంతకీ మేయరు గారూ, ఊరి మధ్యలో ఆ పాత బడి స్థలం ఉంది కదా, అది కొట్టేసి ఖరీదైన ఫ్లాట్లు కట్టించండి. వచ్చే లిస్టులో మనమే ఫస్ట్.