ఫ్లెక్సీకి లేని రూలు పిల్లల తోటకా?

ఆ కాలనీ పేరు మేం రాయడం లేదు, రాస్తే ఎవరో ఒకరు మళ్లీ ఆ పిల్లల ఇళ్ల ముందుకే వెళ్లి నిలబడతారు. జరిగింది కడప జిల్లా అంతా ఫోన్లలో చూసిందే. చెత్త పోసే ఖాళీ జాగాను ఇంటర్, డిగ్రీ పిల్లలు ఎండాకాలమంతా తవ్వి తోట చేసుకుంటే, స్వచ్ఛ కార్యక్రమానికి పెద్దలొస్తున్నారని అధికారులు ముందురోజు జేసీబీతో ఎత్తి అవతల పోశారు. పిల్లలు మట్టి నింపి మొక్కలు పెట్టిన టైర్లు, సీసాలు కనపడితే బాగుండదంట. పక్కనే మొక్క పట్టుకుని నవ్వుతున్న నాయకుడి ఫ్లెక్సీకి మాత్రం ఈగ కూడా తగల్లేదు.

అసలు ఆ పిల్లలు చేసిందేంటో చూసినోళ్లు ఎంతమంది? పాలిష్ ఫ్యాక్టరీల బయట పారేసిన నాపరాయి ముక్కలు అడుక్కొచ్చి మడులకు గట్లు కట్టారు. మిల్లులో మిగిలిన చెనిక్కాయ పొట్టు తెచ్చి తేమ ఆరిపోకుండా మొక్కల మొదట్లో పరిచారు. పాత మట్టికుండలు మెడ దాకా పూడ్చి, నీళ్లు పోసి, పైన మూకుడు పెట్టారు, కుండ చెమర్చే కొద్దీ ఆ తడి వేర్లకు పోతుంది, బిందె నీళ్లతో రోజులు గడుస్తాయి, ఈ సీమలో నీళ్ల విలువ తెలిసినోళ్లు చేసే పని అది. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి, పిడికెడు మట్టి డ్రమ్ములో నీళ్లతో కలిపి రెండు రోజులు పొద్దున సాయంత్రం తిప్పితే జీవామృతం అనే ఎరువు, 2016 నుంచి ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయం పేరుతో రైతులకు నేర్పిస్తున్నదీ ఇదే కదా! గోంగూర, చుక్కకూర కోతకొచ్చాయి, బీర తీగ పందిరెక్కింది. అదంతా చెత్త అయిపోయింది.

టైర్లలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమలొస్తాయని అధికారులు అంటున్నారు, నిజమే, ఖాళీ టైర్లో వానాకాలం దోమ గుడ్లు పెడుతుంది. మరి మట్టి నింపి, అడుగున బొక్కలు పెట్టిన టైర్లో నీళ్లెక్కడ నిలుస్తాయి? తినేవాటికి టైర్ల రబ్బరు మంచిది కాదు, వాటిలో ఆకుకూరలొద్దు, పూలమొక్కలు పెట్టుకోండి అని ఒక మాట చెప్పి ఉంటే పిల్లలు వినకపోయేవాళ్లా? అంత దోమల భయమే ఉంటే ముందు ఆ పక్కన మురుక్కాల్వ తీయించాలి.

రూల్సంటారా, సరే రూల్సే మాట్లాడుకుందాం. 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు దేశమంతా 2022 జులై 1 నుంచి నిషేధం. మన టౌన్లలో ఏ సర్కిల్లో అయినా ఒక్క ఫ్లెక్సీ మందం కొలిచిన అధికారి ఉన్నాడా? పుట్టినరోజుకో ఫ్లెక్సీ, పదవికో ఫ్లెక్సీ, చివరికి స్వచ్ఛతకీ ఫ్లెక్సీనే. అది ప్లాస్టిక్ కాదు, పిల్లలు మట్టి నింపిన సీసా మాత్రం ప్లాస్టిక్! నెలనెలా మూడో శనివారం చేసే స్వచ్ఛాంధ్ర కార్యక్రమం 2025 జనవరిలో మొదలైంది మన మైదుకూరులోనే. ఆ జిల్లాలోనే శుభ్రం పేరుతో తోట పీకడం, ఫ్లెక్సీ ఉంచడం. తడిచెత్త పొడిచెత్త వేరు చేయమని 2016 నుంచి ఇంటింటికీ చెప్తున్నారు, వేరు చేసి ఎరువు చేసి చూపించిన పిల్లలకేమో ఇదీ బహుమానం.

పర్మిషన్ లేదు, ప్రభుత్వ స్థలం అన్నారు. ఒప్పుకుంటాం. అదే జాగాలో ఏళ్ల తరబడి చెత్త పోసినోళ్లకు ఏ పర్మిషన్ ఉంది? ఫ్లెక్సీ కట్టినోళ్లకు ఎవరిచ్చారు? బడుల్లో కూరగాయల తోటలు పెట్టమని 2019లో కేంద్రమే గైడ్‌లైన్స్ ఇచ్చింది, బడి గోడ లోపల మంచిపని అయింది గోడ దాటితే కబ్జా ఎట్లయితుంది?

మాకు భయమేసేది ఇంకొకటుంది. ఈ రోజు ఇక్కడ నోటీసు లేకుండా పీకేశారు కాబట్టి రేపు ప్రొద్దుటూరులోనో రాజంపేటలోనో పిల్లలు పార పట్టుకోబోతే ఇంట్లోవాళ్లే మనకెందుకురా అంటారు. ఆ తర్వాత మీరే వేదికలెక్కి యువతకు సామాజిక బాధ్యత లేదు, ఎప్పుడూ ఫోన్లలోనే ఉంటున్నారు అని క్లాసులు పీకుతారు.

ఆ జాగా ఆ పిల్లలకే రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కుళాయి కనెక్షన్ ఇవ్వండి. అది చేతకాకపోతే ఏ సెక్షన్ కింద తోట ఎత్తేశారో, ఏ సెక్షన్ కింద ఫ్లెక్సీ ఉంచారో రెండూ ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి సార్, దాన్ని మొదటి పేజీలో అచ్చేసే పూచీ మాది.