'సీలర్ ఆప్షనల్' అనబడు మహాశాస్త్రము

చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు) వేసిన చెక్క సామానుకు పైపూత, అంటే సీలర్, కావాలా అక్కర్లేదా అన్న జటిల ప్రశ్నకు మన రీల్స్ పండితులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పేశారు: 'సీలర్ ఆప్షనల్ ఫ్రెండ్స్!' ఈ మహావాక్యం యాభై ఎనిమిదో సెకనులో వినబడుతుంది. యాభై తొమ్మిదో సెకనులో బల్ల మీదికి మనీ ప్లాంటు కుండీ వస్తుంది. అరవయ్యో సెకనుకి వీడియో సమాప్తం. అరవై ఒకటో సెకను నుంచి ఆ కుండీ కింద ఏం జరిగిందో చూసే భాగ్యం ఇంతవరకూ ఏ ప్రేక్షకుడికీ దక్కలేదు.

1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ ఈ రంగును తయారుచేసింది. రంగు ఆరాక మైనం రుద్దడం ఆవిడ పద్ధతిలో ఒక భాగం. ఎందుకంటే ఇందులో సుద్దలాంటి పొడి ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే బైండరు తక్కువ. అందుకే ఆ వెల్వెట్ లాంటి మ్యాట్ అందం. అందుకే పకోడీ తిన్న చెయ్యి తగిలితే మచ్చ, నీటిచుక్క పడితే మరక కూడా. అందం మాత్రం పుచ్చుకుని మిగతాది ఆప్షనల్ అనడం మనవాళ్ల ప్రతిభ.

ఇంతకంటే ప్రతిభావంతులు మరొకరున్నారు. వీళ్లు సీలర్ ఇంట్లోనే చేస్తారు. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు, బ్రష్షు ఒకటి, నమ్మకం బోలెడంత. పాపం ఆ జిగురుది ఏ తప్పూ లేదు. చెక్కకు చెక్కను అతికించమంటే చచ్చేదాకా అతికించి ఉంచుతుంది. దాన్ని పైపూతగా వేస్తే ఆరినప్పుడు అద్దంలా మెరుస్తుంది, తడి తగిలితే తెల్లబడి మెత్తబడుతుంది, వేడి తగిలితే మళ్లీ తన కులవృత్తి గుర్తుకు తెచ్చుకుంటుంది.

ఆ వృత్తి ఎలా ఉంటుందో చూడాలంటే ఆగస్టు నెల, కాకినాడ, పెళ్లిచూపులు అనుకోండి. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన అట్ట) ట్రే, నీలం చాక్ పెయింట్, స్టెన్సిల్ తామరలు, పైన రెండు కోట్లు ఫెవికాల్ నీళ్లు. దాని మీద పొగలు కక్కే కాఫీ, అయిదు స్టీలు గ్లాసులు. అబ్బాయి మేనమామ గారు గ్లాసు అందుకున్నారు. గ్లాసుతోపాటు ట్రే కూడా లేచింది. 'ట్రే మా అమ్మాయే చేసిందండీ' అన్నారు పెద్దమ్మ, సరిగ్గా అదే క్షణంలో. 'బాగా అతుక్కుందండీ' అన్నారు మేనమామ, మర్యాదస్తులు కాబట్టి. రెండో చేత్తో ట్రే అదిమిపట్టి లాగారు. మిగతా నాలుగు గ్లాసులూ క్రమశిక్షణతో ఒక పక్కకు వాలాయి, వాలాయి గానీ ఊడలేదు. కాఫీ మాత్రం ఊడింది. చివరికి గ్లాసు చేతికొచ్చింది, అడుగున గుండ్రంగా ఒక తామరపువ్వును వెంటబెట్టుకుని. 'మనిషి కూడా అంతేనండీ, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది' అని పెద్దమ్మ ఆఖరి ప్రయత్నం చేశారు. సంబంధం కుదిరిందా లేదా అన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు. ట్రేకి, పైపూతకి మాత్రం కుదరలేదు.

ఆ ట్రేకి కావలసింది నీటి ఆధారిత పాలీయురెథేన్ వార్నిష్. రంగు ఒక రోజంతా ఆరాక మూడు పలచటి కోట్లు. కోటుకూ కోటుకూ మధ్య రెండు గంటలన్నది ఎండ రోజుల లెక్క, ముసురులో దానికి రెట్టింపు ఆగాలి. ఒక్కో కోటు ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, పొడి తుడిచి, తర్వాతి కోటు. డబ్బాను కల్లు లొట్టిలా కుదపకండి, బుడగలు వచ్చి అలాగే ఆరిపోతాయి. పుల్లతో అడుగునుంచి నెమ్మదిగా కలపండి, మ్యాట్ చేసే పొడంతా అడుగునే పేరుకుని ఉంటుంది. సగం ఆరినచోట 'ఇంకొక్కసారి' అని బ్రష్షు తిప్పితే ఆ చార శాశ్వతం. వేసిన మర్నాడే వేడి గ్లాసు పెట్టకండి, గట్టిపడడానికి వారాలు పడుతుంది.

తెల్ల రంగు కింద పాత టేకు ఉంటే ఇంకో తమాషా. రంగు వేసినప్పుడు మల్లెపువ్వు, వార్నిష్ పడగానే పసుపు మరకలు. వార్నిష్‌ని తిట్టకండి. చెక్కలో ఉండే టానిన్ అనే రంగు పదార్థాన్ని నీరు పైకి లాగింది. రంగుకు ముందే మైనం తీసిన లక్క ఒక కోటు వేసుంటే ఆగేది. ఇప్పటికే వచ్చేస్తే లక్క వేసి, రంగు మళ్లీ వేసి, అప్పుడు వార్నిష్. ఇక నూనె ఆధారిత పాలీయురెథేన్‌కి మరక అవసరమే లేదు, తెలుపు మొత్తాన్ని అదే నెయ్యి రంగుకు తిప్పేస్తుంది.

మైనం చెడ్డదని కాదు. ఫొటో ఫ్రేములకు, అద్దం చట్రాలకు, ఎవరూ తాకని అలమర పక్కలకు దాని నునుపు ఇంకదేనికీ రాదు. పలచగా రుద్ది, మిగిలింది తుడిచెయ్యాలి. వేలు పెడితే ముద్ర పడిందంటే ఎక్కువైనట్టే. నల్ల మైనం కావాలంటే ముందు రంగులేని మైనం వేశాకే, లేకపోతే రంగు దాన్ని పీల్చేసుకుని మాసిపోయినట్టు కనబడుతుంది. కానీ తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీలకు కరుగుతుంది, మన కాఫీ అంతకంటే వేడిగా లేకపోతే మనం తాగం. ఈ ఒక్క లెక్క తెలిసుంటే డైనింగ్ బల్లకు మైనం రాసేవాళ్లు ఉండరు. రాసేశాక బుద్ధి వచ్చి పైన వార్నిష్ వేద్దామంటే నిలవదు, చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడి విడిపోతుంది. ముందు మినరల్ టర్పెంటైన్ గుడ్డతో మైనం మొత్తం, మళ్లీ మళ్లీ, తీయాల్సిందే.

స్ప్రే వార్నిష్ డబ్బాల గురించి ఒక్క ముక్క: వాన రోజు కొట్టకండి, తెల్లటి పొగలాంటి పొర పడుతుంది.

ఇప్పుడు 'వింటేజ్ లుక్'. తాతల నాటి ఊయల, పైన చాక్ పెయింట్, అంచుల్లో గరుకు కాగితంతో గీకుడు, కింది పాత రంగులు బయటపడ్డాక 'వావ్'. పక్కనే చాప మీద పది నెలల పాప. దుమ్ము పాప జుట్టు మీద పడుతోంది, నేపథ్యంలో వీణ వినిపిస్తోంది. ఆ పాపను ముందు అక్కడినుంచి లేవదీయండమ్మా! ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పూసిన ఎనామెల్‌లో ఏముందో మీకు తెలుసా? పిల్లల ఒంట్లోకి ఇంతవరకు పోతే ఫరవాలేదు అని చెప్పగలిగే సీసం మోతాదే లేదు. దాన్ని పొడి పొడిగా రాల్చి, పైన వేలెడు మైనం రుద్ది, 'ఇప్పుడు బేబీ సేఫ్' అంటారా? ఎవరు చెప్పారు మీకు? పళ్లు వస్తున్న పిల్ల ఊయల కమ్మీ కొరుకుతుంది. మైనం ముందు ఊడుతుంది, దాని కింద మీరు గీకి సిద్ధంగా పెట్టిన రంగు ఆ తర్వాత. పాత ఊయల అంత ముద్దొస్తే గీకకుండా అటక మీద ఉంచండి, పిల్లను మాత్రం అందులో పడుకోబెట్టకండి.

ఆ వీడియో కింద ఎవరో ఇదే అడిగారు: 'పాత రంగులో సీసం ఉంటుంది కదా అక్కా?' జవాబు వెంటనే వచ్చింది. రెండు ఎర్ర గుండెలు, ఒక నమస్కారం, 'థాంక్యూ సో మచ్ రా, మైనం లింక్ బయోలో ఉంది.'