పన్నెండో ర్యాంకు ఎవరి ఖాతాలో?

టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ వారి 2025 పట్టికలో బీజింగ్‌లోని సింఘువా విశ్వవిద్యాలయానికి ప్రపంచంలో 12వ స్థానం, ఆసియాలో మొదటి స్థానం దక్కాయి. ర్యాంకు అన్న మాట వినపడితే చెవులు రిక్కించే జాతి మనది. ఒక్క పిల్లవాడికి మంచి ర్యాంకు వస్తే వాడు మా వాడేనంటూ నాలుగు కాలేజీలు పత్రికల్లో ఫొటో వేయించుకోవడం చూస్తూ పెరిగాం. ఘనతను పంచి పెట్టే విద్యలో మనకున్న అనుభవం మరెవరికీ లేదు. అందుకని, ఎవరూ అడగకపోయినా, సింఘువా ఘనతలో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి నన్ను నేనే ఏకసభ్య సంఘంగా నియమించుకున్నాను. గడువు పొడిగింపు కోరకుండా సమర్పిస్తున్న నివేదిక ఇది.

అందరికంటే ముందు వరుసలో నిలబడే హక్కుదారు ఒక జరిమానా. 1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్లనే రహస్య సంఘంవారి తిరుగుబాటు జరిగింది, ఎనిమిది దేశాల సైన్యం బీజింగ్‌లోకి వచ్చింది. మరుసటి సంవత్సరం చైనా చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. జరిమానా 45 కోట్ల టేళ్ళ వెండి. టేలంటే మన లెక్కలో మూడు తులాలకు పైమాటే. అప్పట్లో చైనా జనాభా అంచనా కూడా 45 కోట్లే కాబట్టి తలకొక టేలు పడింది. తిరుగుబాటన్న మాటే వినని రైతుకూ, నిన్న రాత్రి పుట్టిన పసిబిడ్డకూ ఒకే వాటా. ఇంత కచ్చితమైన సమానత్వాన్ని ఆ దేశంలో తర్వాత వచ్చిన సామ్యవాదం కూడా సాధించలేకపోయింది. 39 ఏళ్ళలో, నూటికి 4 వడ్డీతో చెల్లించాలి.

ఇందులో అమెరికా వాటా సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. తీరా లెక్క చూసుకుంటే వాళ్ళకు జరిగిన నష్టం అంత లేదు. ఈ సంగతిని పట్టుకున్న చైనా రాయబారి లియాంగ్ చెంగ్ వాషింగ్టన్‌లో పట్టు వదలకుండా తిరిగాడు. చివరికి 1908లో అమెరికా కాంగ్రెస్ అదనంగా రాబట్టిన సొమ్మును తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అయితే ఆ సొమ్ము చైనా విద్యార్థులను అమెరికాకు పంపి చదివించడానికే ఖర్చు కావాలి. అంటే మన జేబులోంచి ఎక్కువ తీసుకున్నవాడు ఆ ఎక్కువను మన చేతిలో పెట్టి, దాంతో తన కొట్లోనే సరుకు కొనుక్కోమన్నాడన్నమాట. దీన్ని ఔదార్యం అంటారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఎడ్మండ్ జేమ్స్ 1906లోనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఈ ఔదార్యం లెక్క విప్పి చెప్పాడు. ఈ తరం చైనా యువకులకు ఏ దేశం చదువు చెబుతుందో, పెట్టిన శ్రమకు నైతిక, మేధా, వాణిజ్య ప్రాబల్యం రూపంలో అత్యధిక లాభం ఆ దేశానిదేనని రాశాడు. వాణిజ్యాన్ని చివర పెట్టడంలోని మర్యాదను సంఘం ప్రత్యేకంగా గుర్తించింది.

అలా 1909లో 47 మందిని ఏరి ఓడ ఎక్కించారు. అమెరికా వెళ్ళబోయేవాళ్ళకు ముందుగా తర్ఫీదు ఇవ్వాలి కదా అని బీజింగ్ వాయవ్యాన ఒక పాత రాచతోటలో బడి కట్టారు. 1911 ఏప్రిల్‌లో బడి తెరిచారు, అదే సింఘువా. అక్టోబరులో విప్లవం వచ్చింది, కొద్ది నెలల్లో చక్రవర్తే లేకుండా పోయాడు. బడి మాత్రం మిగిలింది. ఈ ఘనతలో అమెరికా వాటాను సంఘం ఆమోదిస్తోంది. తలకొక టేలు ఇచ్చుకున్న 45 కోట్ల మంది సంగతి అడగకండి. వారి తరఫున దరఖాస్తు ఏదీ అందలేదు.

తర్వాతి కాలం గురించి రాయడానికి సంఘానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. ఆ కాలంలో అక్కడ జరిగిన నియామకాలేవీ నిబంధనల ప్రకారం జరగలేదు. 1925లో ప్రాచీన విద్యల పరిశోధనకు ఒక సంస్థ పెట్టి నలుగురు ఆచార్యులను పిలిచారు. లియాంగ్ చీచావో, వాంగ్ గ్వోవెయ్, చెన్ యిన్‌కే, ఝావో యువాన్‌రెన్. ఈ నలుగురిలో డాక్టరేటు ఉన్నది చివరాయన ఒక్కరికే. చెన్ యిన్‌కే జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు, అమెరికా తిరిగి, ఎన్నో భాషలు నేర్చి, ఒక్క పట్టా కూడా తెచ్చుకోకుండా ఇంటికి వచ్చిన మనిషి. చదవడానికి వెళ్ళానే తప్ప కాగితం కోసం వెళ్ళలేదన్న ధోరణి. ఈ రోజు మన దగ్గర ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఆయన అతిథి అధ్యాపకుడి పోస్టుకు దరఖాస్తు పెడితే గుమాస్తా దగ్గరే ఆగిపోతుంది. 1931లో గణితశాఖవారు హువా లువోగెంగ్ అనే కుర్రవాడిని ఒక గ్రామీణ పట్టణం నుంచి పిలిపించారు. చదివింది మాధ్యమిక పాఠశాల వరకు, చేసింది తండ్రి కొట్లో లెక్కలు రాసే పని. అయితే రాసిన గణిత వ్యాసం బాగుందట! ఆయన తర్వాత ప్రపంచ ప్రసిద్ధ గణితవేత్త అయ్యాడన్న వాదన ముందుకొచ్చింది. కానీ నియామకం అక్రమమా కాదా అన్న ప్రశ్నకు అది జవాబు కాజాలదు.

ప్రవేశాలు కూడా ఇదే తీరు. 1929లో చియెన్ ఝోంగ్‌షూ అనే విద్యార్థికి లెక్కల్లో 15 మార్కులు వచ్చాయి. అయినా సాహిత్యంలో దిట్ట అని చేర్చుకున్నారు. ఆయన తర్వాత చైనా గొప్ప రచయితల్లో ఒకడయ్యాడు. ఇంటర్మీడియెట్ లెక్కల్లో 15 వచ్చిన మన పిల్లవాడు ఏమవుతాడో నేను చెప్పక్కర్లేదు. 1932 ప్రవేశ పరీక్షలో చెన్ యిన్‌కే పురాణపు కోతి వీరుడి మూడక్షరాల పేరు ఇచ్చి, దానికి అక్షరానికి అక్షరం సరిజోడయ్యే మరో పేరు చెప్పమన్నాడు. ఒకరిద్దరు ఆనాటి మహామేధావి హూ షీకున్న మూడక్షరాల పేరు, హూ షీఝీ అని రాశారు. అవధాన సభల్లో సమస్యాపూరణకు చప్పట్లు కొట్టిన చేతులు ఇక్కడా కొట్టకుండా ఉండలేవు. కానీ ఇలాంటి ప్రశ్నకు కోచింగ్ ఇవ్వడం సాధ్యం కాదు. కోచింగ్‌కు లొంగని పరీక్షను పరీక్ష అనడానికి సంఘం సిద్ధంగా లేదు.

1931లో పదవి చేపట్టిన అధ్యక్షుడు మెయ్ యీచీ ఒక మాట అన్నాడు. విశ్వవిద్యాలయం గొప్పదనం పెద్ద భవనాల్లో లేదు, పెద్ద గురువుల్లో ఉంది అని. ఉపన్యాసాల్లో ఇలాంటివి అంటూనే ఉంటారు. ఆయన దురదృష్టమేమిటంటే ఆరేళ్ళు తిరగకుండానే జపాను సైన్యం ఆ మాటను అక్షరాలా పరీక్షకు పెట్టింది. 1937లో భవనాలు శత్రువు చేతికి పోయాయి, గురువులు మిగిలారు. సింఘువా, పెకింగ్, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు మూడూ కలిసి ముందు చాంగ్‌షాకు, అక్కడి నుంచి నైరుతి మూలనున్న కున్మింగ్‌కు తరలిపోయాయి. సుమారు 300 మంది విద్యార్థులు, అధ్యాపకులు 1,600 కిలోమీటర్ల దారిలో చాలా భాగం నడిచే వెళ్ళారు. కున్మింగ్‌లో మట్టి గోడలు, రేకుల కప్పు. వాన పడితే ఆ చప్పుడుకు పాఠం వినపడదు. డబ్బు చాలక కొన్నాళ్ళకు ఆ రేకులు కూడా అమ్మి గడ్డి కప్పారు. ఆ గుడిసెల్లో చదివిన యాంగ్ చెన్‌నింగ్, లీ చెంగ్‌దావ్‌లకు 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇక్కడ సంఘం చిక్కులో పడింది. భవనాలు లాక్కుని గురువుల విలువ నిరూపించిన జపాను సైన్యానికి వాటా ఇవ్వాలా? న్యాయసలహా కోరాం.

1949లో కొత్త ప్రభుత్వం వచ్చింది. మెయ్ యీచీ అంతకు ముందే బీజింగ్ విడిచాడు. తర్వాత తైవాన్‌లో, ఆ జరిమానా సొమ్ము మీద వచ్చే రాబడితోనే, ఇంకో సింఘువా పెట్టాడు. ఈనాటికీ రెండూ ఉన్నాయి, రెండూ అసలువే. బీజింగ్‌లో ఉన్నదానికి 1952లో సోవియట్ పద్ధతిలో శస్త్రచికిత్స జరిగింది. సాహిత్యం, చరిత్ర, తత్వం, స్వచ్ఛమైన భౌతిక, గణిత శాస్త్రాలు, అన్నీ కోసి ఎక్కువ భాగం పొరుగున ఉన్న పెకింగ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఇంజనీరింగ్ మాత్రం మిగిలింది. పిల్లలందరూ ఇంజనీర్లు కావాలని కోరుకునే మన తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం లేచి నిలబడి గౌరవం ప్రకటించవచ్చు.

ఇంజనీరింగ్ మిగిలినా ఇబ్బంది పూర్తిగా తప్పలేదు, ఎందుకంటే ఇంజనీర్లు అప్పుడప్పుడు లెక్కలు వేస్తారు. హువాంగ్ వాన్లీ నీటిపారుదల ప్రొఫెసర్. పుట్టింది 1911లో, అంటే విశ్వవిద్యాలయం ఈడువాడే. పసుపు నది మీద సాన్‌మెన్‌షియా దగ్గర సోవియట్ నిపుణుల నమూనాతో పెద్ద ఆనకట్ట కట్టాలన్నది అప్పటి నిర్ణయం. నది ఇక తేటగా పారుతుందని దేశమంతా పాటలు. 1957లో నిపుణుల సమావేశం పెట్టారు. అక్కడ హువాంగ్ దాదాపు ఒంటరిగా లేచి, ఈ నది ఏడాదికి వంద కోట్ల టన్నులకు మించిన మట్టిని మోస్తుంది, ఆనకట్ట ఆపేది నీళ్ళను కాదు మట్టిని, పైన వెయ్ నది లోయ మునుగుతుంది అన్నాడు. ఎవరూ వినలేదు. సరే, కట్టితీరతామంటే కనీసం అడుగున ఉన్న సొరంగాలను పూడ్చకండి, రేపు మట్టిని బయటికి పంపడానికి పనికొస్తాయి అన్నాడు. పూడ్చారు.

అదే ఏడాది ఆయన ఇంకొక నేరం కూడా చేశాడు. బీజింగ్‌లో కొత్తగా వేసిన రోడ్డు అప్పుడే గుంతలు పడిందని విద్యాలయం పత్రికలో ఒక చిన్న వ్యంగ్య కథ రాశాడు. రోడ్ల మీద వ్యంగ్యం రాసిన నేరానికి శిక్ష వేయడం మొదలుపెడితే తెలుగు పత్రికా రచయితలందరూ ఈపాటికి జైల్లోనే ఉండేవాళ్ళు. ఆ కథను పార్టీ అధికార పత్రిక పీపుల్స్ డైలీ ‘ఇదేం మాట!’ అన్న శీర్షిక కింద తిరిగి అచ్చువేసింది. ప్రొఫెసర్ మీద మితవాది, అంటే పార్టీ వ్యతిరేకి అన్న ముద్ర పడింది, పాఠం చెప్పే అవకాశం పోయింది. 1960లో ఆనకట్టలో నీళ్ళు నింపడం మొదలైంది. రెండేళ్ళలోపే మట్టి పేరుకుని వెయ్ నది వెనక్కి తన్నింది. తర్వాత చాలా డబ్బు పోసి, పూడ్చిన సొరంగాలను మళ్ళీ తవ్వారు. మితవాది ముద్ర తొలగించింది మాత్రం 1980లో. మట్టి కంటే ముద్రే గట్టిదని ఇక్కడ రుజువైంది. ఆయనకు ఘనతలో వాటా ఇవ్వాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజమైంది, ఆయన వల్ల జరిగింది మాత్రం ఏమీ లేదు. పట్టికలు జరిగినవాటినే లెక్కిస్తాయి.

ఇక 1966, మావో సాంస్కృతిక విప్లవం మొదలుపెట్టిన ఏడు. ఆయన పేరిట చెలరేగిన విద్యార్థి దళాల్లో ఎర్రగార్డులు అన్న పేరు పెట్టుకున్న తొలి గుంపు పుట్టింది సింఘువాకు అనుబంధంగా ఉన్న ఉన్నత పాఠశాలలోనే. విశ్వవిద్యాలయం పాత ద్వారాన్ని కూలగొట్టి ఆ చోట మావో విగ్రహం నిలిపారు. 1968 నాటికి విద్యార్థులు రెండు వర్గాలై, ఈటెలు, చేతిబాంబులతో నెలల తరబడి ఒకరినొకరు చంపుకున్నారు. ఆపడానికి జులై 27న మావో పంపగా 30 వేల మంది కార్మికులు లోపలికి వెళ్ళారు. వారిలో ఐదుగురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఆగస్టు 5న వారికి మావో కానుక పంపాడు. మామిడిపళ్ళు.

పాకిస్తాన్ విదేశాంగమంత్రి బీజింగ్ వచ్చి మావోకిచ్చిన పళ్ళవి. మావో వాటిని తినకుండా సింఘువాలో ఉన్న కార్మికులకు ఇచ్చాడు. ఉత్తర చైనాలో చాలామందికి మామిడి అంటే ఏమిటో తెలియదు. తెల్లవార్లూ వాటి చుట్టూ కూర్చుని చూశారు, వాసన చూశారు. తర్వాత ఫ్యాక్టరీకొక పండు పంపారు. కొన్నింటిని మందు నీటిలో నిలవచేశారు. ఒక బట్టల మిల్లులో పండు కుళ్ళడం మొదలుపెడితే, వలిచి, పెద్ద కాగులో నీళ్ళు పోసి ఉడకబెట్టి, కార్మికులందరూ వరసలో నిలబడి తలా ఒక చెంచా తీర్థం పుచ్చుకున్నారు. మైనంతో నకిలీ పళ్ళు చేయించి గాజుపెట్టెల్లో పెట్టి ఊరేగించారు. ఆ ఏడాది అక్టోబరు 1 జాతీయ దినోత్సవ ఊరేగింపులోనూ మామిడికి చోటు దక్కింది. మామిడిపండును ఉడకబెట్టడం అన్న మాట చదవగానే బంగినపల్లి పండిన జిల్లాలవారి మనసు ఎంత క్షోభిస్తుందో సంఘానికి తెలుసు. ఆవకాయ పెట్టడం తెలిసిన ఒక్క అమ్మమ్మ ఆ మిల్లులో ఉండి ఉంటే సాంస్కృతిక విప్లవం దారి మారేది. మార్గదర్శకుడి దయకు గుర్తుగా వచ్చిన ఈ పండుకు ర్యాంకులో ఎంత వాటా ఇవ్వాలన్నది నిర్ణయించలేక, పూర్తి వాటా నమోదు చేశాం.

తర్వాత కథ తేలికే. 1977లో ప్రవేశ పరీక్ష మళ్ళీ వచ్చింది. షీ జిన్‌పింగ్ అంతకు రెండేళ్ళ ముందే, పరీక్ష లేని కాలంలో కార్మిక, కర్షక, సైనిక విద్యార్థుల కోటాలో రసాయన ఇంజనీరింగ్‌లో చేరారు. 2024లో ఆ పరీక్షకు కూర్చున్నవారు కోటీ 30 లక్షలకు పైనే. సింఘువాలో సీట్లు కొన్ని వేలు. 2002లో దేశాన్ని ఏలే స్థాయీ సంఘంలోని తొమ్మిది మందీ ఇంజనీర్లే, వారిలో నలుగురు సింఘువావారు. నాయకుడు హూ జింటావో చదివింది నీటిపారుదల విభాగం. చిత్రకారుడు చెన్ దాన్‌చింగ్ ప్రొఫెసరుగా ఉన్నప్పుడు తాను ఎంచుకున్న శిష్యులు బొమ్మలు బాగా వేసినా ఇంగ్లీషు, రాజకీయ పరీక్షల్లో తప్పడంతో రాజీనామా చేశాడు. 15 మార్కులవాడిని చేర్చుకున్న రోజులు పోయాయనడానికి ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? 2017 నుంచి డిగ్రీ కావాలంటే 50 మీటర్లు ఈదాలి కూడా.

చివరిగా నిర్వహణ దక్షత. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ షు జాంగ్‌రున్, దేశాధ్యక్ష పదవికి కాలపరిమితి ఎత్తేయడాన్ని తప్పుపడుతూ 2018లో వ్యాసం రాశాడు. 2019లో సస్పెండ్ చేశారు. 2020 జులైలో నిర్బంధించి, వదిలాక, ఉద్యోగం తీసేశారు. అదే ఏడాది సెప్టెంబరులో టైమ్స్ పట్టిక వచ్చింది. సింఘువా 23 నుంచి 20కి ఎగబాకింది. ఆ పట్టికలో బోధనకు, పరిశోధనకు, పరిశ్రమల నుంచి వచ్చే రాబడికి, విదేశీ సంబంధాలకు మార్కులుంటాయి. వ్యాసాలు రాసే ప్రొఫెసర్లను ఏం చేశారన్న గడి లేదు. కాబట్టి ఉన్న లెక్కల మీదే ఆధారపడాలి. ఒక ప్రొఫెసరును తీసేస్తే మూడు మెట్లు. 12 నుంచి ఒకటో స్థానానికి ఇంకా 11 మెట్లున్నాయి. మూడుతో భాగిస్తే నలుగురు సరిపోతారు. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లు వేలల్లో ఉన్నారు.