‘రాంగ్ రీడింగ్’ చీటీ అంటించే ముందు ఒక్క 50 ఓమ్‌ల లోడు పెట్టి చూడండి

కాకినాడ, రాజమండ్రి, భీమవరం, అమలాపురం... మన డెల్టాలో ఎలక్ట్రానిక్స్ ల్యాబులకు కొదవ లేదండి. ఆ ల్యాబుల్లో ‘రాంగ్ రీడింగ్’ అని చీటీ అంటించి బీరువా ఎక్కించిన ఫంక్షన్ జనరేటర్లకూ (ప్రయోగాలకు సైన్, స్క్వేర్, ట్రయాంగిల్ తరంగాలిచ్చే పెట్టెలు) కొదవ లేదు. వాటిలో చాలావాటికి ఏ రోగమూ లేదని నా వాదన. ఇంకొన్నిటికి రోగం ఎవరో స్క్రూడ్రైవర్‌తో తెచ్చిపెట్టిందే.

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది: జనరేటర్ డిస్‌ప్లేలో 5 వోల్టులు, సీఆర్వోలో (తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపులో) 10 వోల్టులు. మాస్టారూ, రెండూ నిజమే చెబుతున్నాయి. జనరేటర్ లోపల అవుట్‌పుట్‌కి వరసలో 50 ఓమ్‌లు ఉంటాయి. బయట కూడా 50 ఓమ్‌ల లోడే ఉందనుకుని చాలా మోడళ్లు అంకె చూపిస్తాయి. సీఆర్వో ఇన్‌పుట్ 1 మెగాఓమ్. దానికి లోడు లేనట్టే లెక్క కాబట్టి వోల్టేజి రెట్టింపు కనిపిస్తుంది. మెనూలో హై-జెడ్ (బయట లోడు లేదని చెప్పడం) ఎంచుకుంటే డిస్‌ప్లే అంకె మారుతుందే తప్ప బయటికొచ్చే వోల్టేజి మారదు. ఈ ముక్క చెప్పకుండా పిల్లల చేత రికార్డులో ‘పరికర దోషం’ అని రాయించేస్తున్నాం!

లోడు చేసుకోవడం ఎంతసేపు? 100 ఓమ్‌ల అర వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెండు సమాంతరంగా బీఎన్‌సీ ప్లగ్గులో (సీఆర్వో కేబులు చివరుండే గుండ్రటి కనెక్టరు) టంకం వేయండి. వైర్‌వౌండ్ వద్దు, దాని ఇండక్టెన్స్ హై ఫ్రీక్వెన్సీలో లెక్క చెడగొడుతుంది. లోడు లేకుండా ఎంత వస్తోందో, లోడు పెడితే ఎంత వస్తోందో చూడండి. సరిగ్గా సగం కావాలి. 10 వోల్టులు 4.5కి పడిపోతే లోపలి నిరోధం 61 ఓమ్‌లు అన్నట్టు. అప్పుడు బీఎన్‌సీ కాంటాక్టునో, అటెన్యూయేటర్ (అవుట్‌పుట్‌ను తగ్గించే భాగం) రెసిస్టర్నో అనుమానించండి. డీసీ ఉన్న ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి కెపాసిటర్ లేకుండా అవుట్‌పుట్ తగిలిస్తే ముందు మాడేది ఆ రెసిస్టర్లే. అటెన్యూయేటర్ మీట 20 డీబీ నొక్కితే పదో వంతు, 40 డీబీ నొక్కితే వందో వంతు వస్తోందా అన్నదీ అప్పుడే తేలిపోతుంది.

మల్టీమీటర్ సంగతి వేరే చెప్పాలి. ట్రూ ఆర్ఎంఎస్ (ఏ ఆకారపు తరంగానికైనా అసలు ప్రభావ విలువ కొలిచేది) కాని మీటరు సైన్ వేవ్‌కి మాత్రమే సరైన అంకె ఇస్తుంది. స్క్వేర్ వేవ్‌కి 11 శాతం ఎక్కువ, ట్రయాంగిల్‌కి సుమారు 4 శాతం తక్కువ చూపిస్తుంది. పైగా చేతిలో పట్టుకునే మీటర్లు చాలావరకు 400 హెర్ట్జ్, మహా అయితే 1 కిలోహెర్ట్జ్ దాటితే నమ్మదగ్గవి కావు. అలాంటి మీటరుతో 100 కిలోహెర్ట్జ్ దగ్గర ‘అవుట్‌పుట్ పడిపోయింది’ అంటే ఆ తప్పు ఎవరిది?

ఇక మూత విప్పాలనుకునేవాళ్లకి. అరగంట ఆన్‌లో ఉంచాకే ఏదైనా. ఏ ప్రీసెట్ (లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న రెసిస్టర్) ముట్టుకోకముందే ఇప్పుడున్న అంకెలన్నీ కాగితం మీద పెట్టండి, ప్రీసెట్ల స్థానాలు మార్కర్‌తో గుర్తు పెట్టండి. ముందు పవర్ సప్లై: ప్లస్, మైనస్ రెండూ సర్వీస్ మాన్యువల్లో చెప్పినంత ఉన్నాయా, రిపుల్ (డీసీలో మిగిలిన అల) ఎంత? అది తేడాగా ఉంటే మిగతా ప్రీసెట్లన్నీ తిప్పడం దండగ.

తర్వాత సిమెట్రీ, అంటే తరంగంలో పై సగం, కింది సగం సమానంగా సమయం తీసుకోవడం. ముందున్న సిమెట్రీ నాబ్‌ను క్యాల్ స్థానంలో పెట్టి, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి, సీఆర్వోలో ఏ అంచుతో గీత మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్ స్లోప్‌ను ప్లస్ నుంచి మైనస్‌కి మార్చండి. ట్రిగ్గర్ తర్వాత వచ్చే మొదటి అంచు రెండుసార్లూ ఒకే గీత మీద పడాలి.

అటుపైన డీసీ ఆఫ్‌సెట్, అంటే తరంగం మధ్యగీత సున్నా నుంచి ఎంత జరిగిందన్నది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్క్వేర్ వేవ్ పెట్టి ఆఫ్‌సెట్ సున్నా చేస్తారు. ప్లస్ మైనస్ 10 వోల్టుల స్క్వేర్ వేవ్‌లో డ్యూటీ (పైన ఉండే సమయం) 51 శాతం ఉంటే అదొక్కటే 0.2 వోల్టుల డీసీ ఇస్తుంది. ఆ సిమెట్రీ తప్పును ఆఫ్‌సెట్ ప్రీసెట్‌తో కప్పెట్టారన్నమాట. ట్రయాంగిల్ పెట్టి చూడండి: వాలు ఎటు ఎక్కువైనా దాని సగటు మధ్యలోనే ఉంటుంది.

సైన్ చివర్న. అనలాగ్ రకాల్లో ట్రయాంగిల్‌ను వంచే సైన్ చేస్తారు కాబట్టి ముందువి కుదరకుండా ఇది కుదరదు. సీఆర్వోలో కంటితో చూసి ‘బాగుంది’ అనకండి, రెండు మూడు శాతం డిస్టార్షన్ కంటికి ఆనదు. అటెన్యూయేటర్ పెట్టి వోల్టు లోపుకి తగ్గించి కంప్యూటర్ లైన్-ఇన్‌కి ఇచ్చి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి. 1 కిలోహెర్ట్జ్ సైన్‌లో 2 కిలోహెర్ట్జ్ ముల్లు లేస్తే సిమెట్రీ తేడా, 3 కిలోహెర్ట్జ్ లేస్తే ఆకారం తేడా. ఎక్స్ఆర్2206 ఐసీతో చేసే జనరేటర్ కిట్లలో 15, 16 పిన్నుల మధ్య 25 కిలోఓమ్‌ల ప్రీసెట్ మొదటిదానికి, 13, 14 పిన్నుల మధ్య 500 ఓమ్‌లది రెండోదానికి. డేటాషీట్ లెక్కన ట్రిమ్ చేయకపోతే 2.5 శాతం, చేస్తే 0.5 శాతం. అగ్గువ కిట్లలో ఈ ప్రీసెట్లు ఎగ్గొట్టి, సైన్ బాగోలేదని ఐసీని తిట్టడం దేనికండీ?

ఫ్రీక్వెన్సీ డయల్‌ది తేలిక. అన్ని రేంజిల్లోనూ ఒకేలా తేడా ఉంటే డయల్ ప్రీసెట్, ఒక్క రేంజిలోనే ఉంటే ఆ రేంజి కెపాసిటర్. తరంగాన్ని డిజిటల్‌గా తయారుచేసే డీడీఎస్ రకాల్లో క్రిస్టల్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పినా 1 మెగాహెర్ట్జ్‌కి తేడా 50 హెర్ట్జే, దాన్ని వదిలేయండి.

మెగాహెర్ట్జ్‌ల దగ్గర మాత్రం కేబులూ సీఆర్వోనే మోసం చేస్తాయి. టీవీ కేబులు 75 ఓమ్‌లది, 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 వాడండి, 50 ఓమ్‌ల లోడు సీఆర్వో చివర పెట్టండి. 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో సొంత రైజ్ టైమే (అంచు లేవడానికి పట్టే సమయం) 17.5 నానోసెకన్లు. 25 నానోసెకన్ల అంచు దాని మీద 30 దాటి కనిపిస్తుంది. ఆంప్లిట్యూడ్ 2 శాతం లోపు తేడాతో కావాలంటే 4 మెగాహెర్ట్జ్ దాటి దాన్ని నమ్మకండి.

మన ఉప్పుగాలి ప్రాంతాల్లో ఇంకో తంటా. బీఎన్‌సీలు పచ్చబడతాయి, రేంజి స్విచ్చులు ఒకసారి పట్టి ఒకసారి వదులుతాయి. అలాంటప్పుడు ప్రీసెట్ తిప్పితే ఇవాళ కుదిరింది రేపు చెడుతుంది. ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి స్విచ్చును పదిసార్లు ఇటూ అటూ తిప్పండి. స్పెసిఫికేషన్లు సాధారణంగా 23 డిగ్రీలకు ఐదు అటూ ఇటూగా రాస్తారు. మే నెలలో ఏసీ లేని గదిలో క్యాలిబ్రేషన్ పెట్టుకోకండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి ‘హమ్ తగ్గింది’ అనేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాటలు లేవు.

చెరువు గట్టు మీద పీహెచ్ మీటర్ని బఫర్‌లో ముంచి సరిచూసుకునే రొయ్య రైతులున్న చోట, ఇంజినీరింగ్ ల్యాబుల్లో తనిఖీ వస్తోందంటేనే క్యాలిబ్రేషన్ స్టిక్కర్ గుర్తొస్తోంది. క్యాలిబ్రేషన్‌కి బయటికి పంపేటట్టయితే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న చోటికే పంపండి. ఆ గుర్తింపు మీకు కావలసిన ఫ్రీక్వెన్సీ దాకా ఉందో లేదో ఆ ల్యాబు గుర్తింపు పరిధి (స్కోప్) పత్రంలో చూసుకోండి. సర్దకముందు అంకెలు, సర్దాక అంకెలు, కొలతలో అనిశ్చితి మూడూ అడగండి. 3 మెగాహెర్ట్జ్ జనరేటర్‌ని 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క పాయింటు చూసి ‘ఓకే’ రాసిచ్చిన కాగితానికి బిల్లు పాస్ చేయకండి.